పొద్దుపోని ప్రాణి

మూగజీవులయెడ దయ చూపవలెనని తలచినప్పుడు మనకు మొదట తోచునది అన్నమే. వీధికుక్కకు రొట్టెముక్క వేసి, మండువేసవిలో అరుగు ప్రక్కన మట్టిమూకుడుతో నీళ్లుంచి, లారీక్రింద పడి కాలు విరిగినదానిని ఎవరో ఒకరు పశువైద్యుని యొద్దకు చేర్చిరని విన్నచో మన మనస్సు కుదుటపడును. ఇవి చిన్న పనులని నేననను. ఈ మాత్రమైనను చేయువారు ఊరికి పదిమంది లేరు. అయినను, కడుపు నిండిన తరువాత ఆ ప్రాణి దినమంతయు ఏమి చేయవలెనను ప్రశ్న నన్ను చాలకాలముగా వెంటాడుచున్నది. వీధిలో తిరుగు కుక్క విషయమున ఈ ప్రశ్న పుట్టదు. గొలుసుకు కట్టినప్పుడు, గదిలో బంధించినప్పుడు, మనము ఎంతో దయతో కట్టించిన సంరక్షణాలయమున చేర్చినప్పుడు పుట్టును.

నార్కెట్‌పల్లి నుండి అద్దంకి పోవు రహదారి మా దామరచర్ల నడుమగా సాగును. ఆ దారివెంట బ్రతుకు కుక్కల దినచర్యను ఓపికతో గమనించినవారికి దానిలో ఒక క్రమము గోచరించును. చాయ్ హోటలువాడు తెల్లవారుజామున పొయ్యి వెలిగించు వేళకు అచ్చట చేరి, తొలి బస్సు ప్రయాణికులు విసరు బన్నుముక్కలకై కాచుకొని, కోళ్ల దుకాణపు ఇనుపతలుపు పైకి లేచిన చప్పుడు చెవిని పడినంతనే అటు తరలి, ఎండ ముదిరినపిమ్మట నిలిచియున్న ధాన్యపు లారీ నీడలో ఒడలు మరచి నిద్రించి, ప్రొద్దు వాలినవెనుక తన హద్దులవెంట ప్రతి కరెంటు స్తంభమును, ప్రతి గోడమూలను వాసన చూచుచు, తనకు ముందు ఎవరు వచ్చి పోయిరో, వారు మిత్రులో పగవారో నిర్ణయించుకొని, రాత్రి మరల తన తావునకు వచ్చి కాపలా కాయు ఆ జంతువునకు సోమరితనమెట్టిదో తెలియదు. దాని బ్రతుకు కష్టమైనదే. గజ్జి, ఆకలి, చక్రములు, రాళ్లు దానికి నిత్యము ఎదురగుచునే యుండును. కాని ఎక్కడ పడుకొనవలెనో, ఎవరితో తిరుగవలెనో, ఎవరిని చూచి తప్పుకొనవలెనో అది తానే నిశ్చయించుకొనును.

ఇక బంధింపబడిన కుక్కను చూడుడు. మిర్యాలగూడ పరిసరములు సాగరు ఎడమకాలువ నీటి పుణ్యమా అని వరికిని, ఆ వరివలన బియ్యపు మిల్లులకును పేరుగాంచినవి. అట్టి మిల్లులలో ఒకదాని పెరటిలో కాపలాకై కట్టిన ఒక ముసలి కుక్కను నేను ఎరుగుదును. గుంజ చుట్టును గొలుసు పొడవెంతో అంతమేర నేల నున్నగా అరిగి గచ్చువలె గట్టిపడి, ఆ గీత దాటినంతనే పచ్చని గరిక మొలచియుండెను. దాని మెడమీద వెంట్రుకలు ఊడి చర్మము నల్లబారినది. నాలుగడుగులు నడచును, గొలుసు బిగియును, ఎల్లప్పుడు ఎడమవైపునకే తిరుగును, మరల నాలుగడుగులు నడచును. ఎవరిని చూచియు మొరగదు, తోక ఊపదు. దాని సంగతి అడిగినప్పుడు అచ్చటి వాచ్‌మన్, వయసు మళ్లినవాడు, తల గోకికొనుచు, "తిండికేం తక్కువ లేదు సారూ, రెండు పూటలా నూకలన్నం పెడుతనే ఉన్న. దానికి పొద్దే పోతలేదు" అనెను. పశువైద్య గ్రంథములు పుటలకొలది వివరించు రోగమును ఆ పెద్దమనిషి ఒక్క మాటలో నిర్ణయించినాడు. అర్థములేని తిరుగుడు, తన తోకను తానే తరుముకొనుట, పుండు పడునంతవరకు ముంగాలిని నాకుకొనుట మొదలగునవన్నియు పొద్దుపోని ప్రాణి లక్షణములే.

మన శాసనకర్తలు ఈ బాధను ఎరుగనివారు కారు. రాజ్యసభలో సభ్యురాలుగా నున్న రుక్మిణీదేవి అరండేల్ 1953లో జంతుహింసా నివారణకై ప్రవేశపెట్టిన బిల్లును, ప్రభుత్వమే అట్టి చట్టమును తెచ్చునని నెహ్రూ మాట ఇచ్చినందున ఉపసంహరించుకొనగా, ఆ మాటకు ఫలముగా 1960లో చట్టము వెలసి, 1962లో ఆమెయే అధ్యక్షురాలుగా జంతుసంక్షేమ మండలి ఏర్పడినది. ఆ చట్టపు పదునొకండవ విభాగమున, అనుచితమైన పొట్టి గొలుసుతో చిరకాలము కట్టివేయుట నేరమని చెప్పి ఊరకుండక, నిత్యము గొలుసునగాని ఇరుకు తావునగాని ఉంచిన కుక్కను తగినంత తిప్పక నిర్లక్ష్యము చేయు యజమానియు అపరాధియే యని వేరుగా వ్రాసిరి. దండనము మాత్రము తొలి తప్పునకు పది రూపాయలు మొదలుకొని యాబది రూపాయలవరకే! అయినను, కుక్కకు నడక గూడ న్యాయముగా రావలసినదేనని అంగీకరించిన ఆ వాక్యమును నేను మిక్కిలి గౌరవింతును.

నేడు ఈ విచారము ఒక్క మిల్లు పెరటితో ముగియునది కాదు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలనన్నిటిని పట్టి ఆశ్రయములకు చేర్పుడని సుప్రీంకోర్టు ఉత్తరువిచ్చినది. అదే నెల 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని సవరించి, కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పిచ్చి సోకినవి, సోకినదని అనుమానింపదగినవి, మీదపడి కరచు స్వభావము గలవి తప్ప తక్కినవానిని పట్టిన తావుననే విడువవలెనన్నది. పిదప నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, క్రీడాప్రాంగణములు, బస్సుస్టాండులు, రైల్వేస్టేషనులనుండి తొలగించిన కుక్కలను మరల అచ్చట విడువరాదనియు ఆదేశించినది. కావున ఇంతవరకు మహానగరములకే పరిమితమై, ఎవరో కొందరు కరుణామయుల పూనికమీద నడచుచున్న ఆశ్రయములు ఇక జిల్లాకేంద్రములకును, మునిసిపాలిటీలకును తప్పనిసరి కానున్నవి.

ఈ ఉత్తరువుల వెనుక నున్న భయమును నేను తేలికగా చూడను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబరుపేటలో నాలుగేండ్ల పసివాని ప్రాణము కుక్కల గుంపు వాతబడి పోయినప్పుడు తల్లడిల్లని తల్లిదండ్రులు తెలుగునేలమీద లేరు. గొఱ్ఱె మెదడునుండి తీసిన మందును బొడ్డుచుట్టు పద్నాలుగు సూదులుగా పొడిపించుకొన్న తరమువారు ఇప్పటికిని మా ఊళ్లో కనిపింతురు. ఆ మందు 2005 నాటికిగాని మన దేశమున కనుమరుగు కాలేదు. బిడ్డల క్షేమము ముఖ్యమనుటలో వాదమే లేదు. కాని పట్టి తెచ్చిన కుక్కలలో ఎవరిని కరచినవెన్ని? కేవలము బస్సుస్టాండులో పుట్టుటయే నేరమైనవెన్ని? స్వర్గద్వారమువరకు ధర్మరాజు వెంట నడచిన శునకమును అందరు తలతురుగాని, ఆ భారతకథ మొదటనే వచ్చు సరమను తలచువారు అరుదు. ఏ తప్పును చేయని తన పిల్లను జనమేజయుని తమ్ములు కొట్టగా, ఆ దేవశుని యాగశాలకు వచ్చి, కారణమేమని నిలదీసి, బదులు రానందున రాజును శపించినది. నిరపరాధియైన జంతువును ప్రజాక్షేమమునకై బంధించినపుడు, దాని స్వేచ్ఛకు బదులు మనమేమిచ్చుచున్నామని సరమ నేటికిని అడుగుచున్నట్లే నాకు తోచును.

ఈ ప్రశ్నకు బదులు వెదకువారికి ఒక క్రూరమైన ప్రయోగము దారి చూపినదనుట విచిత్రమేగాని నిజము. 1967 ప్రాంతమున అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున సెలిగ్మన్, మెయర్ అను మనస్తత్త్వవేత్తలు కొన్ని కుక్కలకు, అవి ఏమి చేసినను ఆగని విద్యుదాఘాతములను కలిగించి, పిదప సులభముగా దాటి తప్పించుకొనదగిన పెట్టెలోనికి మార్చిరి. ఎన్నడు నిస్సహాయతను ఎరుగని కుక్కలు చప్పున అడ్డుపలకను దుమికి ఆవలికి పోయినవి. తొలిబాధను ఆపుకొనలేకపోయినవానిలో పెక్కు అచ్చటనే పడుకొని మూలుగుచు ఓర్చుకొన్నవి. ఏమి చేసినను ఫలములేదని ప్రాణి నేర్చుకొనునని వారు నాడు తీర్మానించిరి. సుమారు యాబదియేండ్ల తరువాత, 2016లో, ఆ యిరువురే మెదడును గూర్చిన నూతన పరిశోధనలను పరిశీలించి తమ మాటను తలక్రిందులు చేసికొన్నారు. దీర్ఘకాలపు బాధయెదుట క్రుంగిపోవుట ప్రాణికి సహజముగనే వచ్చును. తన చేష్టవలన ఫలమున్నదను ఎరుకయే అది నేర్చుకొనవలసిన విద్య. ఆశ్రయములను నడపువారందరు ఈ మాటను హృదయమున నిలుపుకొనవలెనని నా కోరిక. ఆ విద్యకు ప్రతిదినము అభ్యాసము కావలెను. తోసిన తలుపు తెరచుకొనవలెను. వెదకినచోట ముక్క దొరకవలెను. కూర్చున్నచో గిన్నె దిగవలెను. నీడయు వెలుగును రెండును అందుబాటులో నుండి, ఎచ్చట పడుకొనవలెనో కుక్కయే ఎన్నుకొనగలుగవలెను.

కుక్కకు ఈ విద్య ముక్కుద్వారమున సులభముగా అబ్బును. మనుష్యుని నాసికలో గంధమును గ్రహించు కణములు అరువది లక్షలకు మించవందురు. శునకమునకో, ఇరువది కోట్లు మొదలుకొని ముప్పది కోట్లవరకు ఉండును. మా మండలముననే కృష్ణామూసీ సంగమమైన వాడపల్లిలో లక్ష్మీనరసింహస్వామి నాసికయెదుటి దీపము ఆయన ఊపిరికి కదలుచుండుననియు, క్రిందనున్న దీపము నిశ్చలముగా వెలుగుననియు భక్తులు చెప్పుకొందురు. ముక్కునందే ప్రాణమున్నదను భావము మనకు కొత్తది కాదు. కుక్క విషయమున అది అక్షరాల సత్యము. డ్యురాంటన్, హోరోవిట్జ్ అను పరిశోధకులు 2019లో ప్రకటించిన అధ్యయనమున, రెండువారములు దాచిన తిండిని వాసనచేత వెదకు ఆట ఆడిన పెంపుడుకుక్కలు, తిండి ఉన్నదో లేదో తెలియని గిన్నెవద్దకు మునుపటికంటె ఆశతో వేగముగా పోయినవి. యజమాని ప్రక్కన క్రమశిక్షణతో నడచుటనే అభ్యసించినవానిలో అట్టి మార్పు కనబడలేదు.

అక్కినేని అమల గారు 1992లో హైదరాబాదున నెలకొల్పిన బ్లూక్రాసు గాని, 1996లో విశాఖపట్టణమున వెలసిన జంతుసంరక్షణ సంఘము గాని తెలుగువారికి దెబ్బతిన్న జంతువును చేరదీయు సంస్థలు ఉండవచ్చునని చూపినవి. నేను నగరమునకు పోయినప్పుడు ఇట్టిదే ఒక ఆశ్రయమున తెల్లవారునప్పటినుండి కూర్చుండి పని జరుగు తీరును చూచితిని. చీపురు పట్టుటకు ముందే ఒక స్త్రీ ప్రతి గదియెదుట నిలిచి లోపలికి నిదానించి చూచును. రాత్రి ఎవరు తినలేదు, ఎవరు కక్కిరి, ఎవరి మలము నీళ్లుగా నున్నది, ఎవరు లేచి ఎదురు రాలేదు అను సంగతులు కడిగినపిమ్మట తెలియవు గదా! మొదట కుక్కపిల్లల గదులు, తరువాత ఆరోగ్యముగా నున్నవి, చిట్టచివర రోగుల గదులు శుభ్రపరతురు; రోగుల గదికి పోయిన చెప్పులతో పిల్లల గదిలో అడుగు పెట్టరు. పార్వో అను వ్యాధి క్రిమి సామాన్యమైన ఫినాయిలుకు లొంగదు, నెలలకొలది నేలనంటియుండును. దానికి బ్లీచింగు పొడి కలిపిన నీరు కావలెను. ఆ నీటిని ఏనాటికానాడు కలుపవలెను. మలమును ముందుగా ఎత్తివేయనిచో దాని శక్తి అందే హరించిపోవును. కుక్కను ఆవలికి మార్చక దానిమీదుగనే పైపుతో నీళ్లు కొట్టుట కొన్నిచోట్ల ఆచారమట. తెల్లవారగానే తడిసి వణకిన ప్రాణికి ఆ దినమెట్లు గడచునో ఆలోచింపవలసియున్నది.

వడ్డన ముగిసిన తరువాతనే నేను చూడగోరినది మొదలైనది. వంటవాడు కోడిమాంసముతో ఉడికించిన నూకలన్నమును అందరికి గిన్నెలలో పెట్టి, కొంత భాగమును మాత్రము వేరుగా నుంచినాడు. పాత గోనెసంచిని చుట్టలు చుట్టి ఆ మడతలలో ఎండుచేప తునకలు దాచి, ఒక గోధుమరంగు ఆడుకుక్కయెదుట పెట్టిరి. అది వారము క్రిందట వచ్చినదట. గోడమూలకు మొగము త్రిప్పుకొని కూర్చుండుటయే దాని పని. మొదట కదలలేదు. కొంతసేపటికి ముక్కుపుటములు మాత్రము అదరినవి. మెడ చాచి, నేలకు పొట్టనానించి, వెనుకకాళ్లను గోడయొద్దనే యుంచి ముందుకు సాగినది. మొదటి తునక దొరకినది. సంచి రెండవ మడతను కాలితో అదిమిపట్టి పండ్లతో లాగుటను తనకు తానే కనుగొన్నది. నాలుగైదు తునకలు తిన్నపిదప తల యెత్తి, సంచి పెట్టిన మనిషివంక తొలిసారిగా చూచినది. ఆ పనికత్తె నవ్వలేదు, పిలువలేదు. కుక్క కనులలోనికి నేరుగా చూచినచో బెదరునని ఎరిగినదై, ప్రక్కకు మళ్లి కూర్చుండియే యుండెను. ఇట్టి సంయమనము చదువువలన వచ్చునది కాదు.

ఇట్టి పనులకు ధనము పెద్దగా అక్కరలేదు. మాంసము ఉడికిన నీటిని ఉప్పు కలపక గడ్డకట్టించి వేసవి మధ్యాహ్నము ఇచ్చినచో, నలువదియైదు డిగ్రీలెండలో నాలుక చాచి రొప్పుటే చల్లబడుటకు ముఖ్యోపాయమైన ఆ జంతువునకు గంటసేపు పనియు, చల్లదనమును రెండును లభించును. నులకమంచమొకటి వేసినచో తడినేలను తప్పించుకొనుటయేగాక, పైనెక్కి నలుదిక్కులు చూచుటకును వీలగును. ఎదురెదురు గదులనడుమ తాటాకు తడిక కట్టినచో ఒకదానినొకటి చూచి దినమంతయు మొరగుట తగ్గును. ఆశ్రయములలో మొరుగుడు చప్పుడు నూరు డెసిబెల్సు దాటుచుండును, మనకంటె సూక్ష్మమైన చెవులు గలవానికి అది ఎంతటి యాతన! బెల్‌ఫాస్టు పరిశోధకురాలు డెబొరా వెల్స్ తన బృందముతో 2002లో ప్రకటించిన పరిశీలనలో, శాస్త్రీయ సంగీతము మెల్లగా వినిపించినపుడు కుక్కలు ఎక్కువసేపు విశ్రమించినవి. మధ్యాహ్నము రెండుగంటలసేపు చూడవచ్చువారిని గూడ లోనికి రానీయక అందరిని నిద్రింపనిచ్చుట అన్నిటికంటె చౌకయైనది. దినములో సగము నిద్రించు ప్రాణికి ఆ నిద్రయే కరవైనచో ఆటలెన్ని ఆడించినను ప్రయోజనము లేదు. ఆట పేరిట ఎడతెగక అలయించుటయు హింసయే.

ఆ ఆశ్రయమున నాకు మిక్కిలి నచ్చినది ప్రతి గది తలుపునకు వ్రేలాడుచున్న అట్ట. ఔషధముల వివరములు ఒకప్రక్క. రెండవప్రక్క పనివారు తమకు వచ్చిన భాషలో వ్రాసిన గుర్తులు. ఒకదానిపై నేను చదివినవి ఇవి: గొడుగు తెరచిన భయపడును. ఆడవారియొద్దకు ముందుగా వచ్చును. గిన్నెయొద్ద వేరొక కుక్క రాకూడదు. సాయంత్రపు నడకలో వేపచెట్టువద్ద ఆగనీయవలెను. ఎవరైనను దానిని పెంచుకొన గొనిపోవునపుడు ఆ అట్టను గూడ వెంట పంపుదురట. టీకాల చీటి పంపుట అందరు చేయుదురు. వేపచెట్టు సంగతి తెలిసిన ఇల్లు దొరకిన కుక్కకు తన పాతదినము కొంత కొత్త ఇంటిలోనికి నడచివచ్చును. తిరిగి ఆశ్రయమునకు రావలసిన దుర్గతియు తప్పవచ్చును.

మన జిల్లాలోను ఇట్టి కట్టడములు లేచు దినము దూరమున లేదు. వీర్లపాలెమున నాలుగువేల మెగావాట్ల విద్యుత్కేంద్రమును నిలుపుకొన్న మా మండలమునకు నాలుగు గోడలును రేకుల కప్పును కట్టుట భారము కాదు. భారమంతయు మనుష్యులవద్దనే. అమెరికాలో ఆశ్రయములను నడపువారు ఒక్కొక్క జంతువునకు శుభ్రతకును భోజనమునకును కలిపి దినమునకు కనీసము పదునైదు నిమిషములు కావలెనని చిరకాలముగా లెక్కించుచున్నారు. నూరు కుక్కలున్నచో ఇరువదియైదు గంటలు. అనగా ముగ్గురు మనుష్యులు ఎనిమిదేసి గంటలు వంచిన నడుము ఎత్తక పనిచేసినను ఇంకొక గంట పని మిగిలియుండును. ఇది కడుగుటకును పెట్టుటకును మాత్రమే. గోనెసంచి చుట్టుటకు, వేపచెట్టువరకు నడిపించుటకు, మూలను కూర్చున్నదాని ప్రక్కన మాటలాడక కూర్చుండుటకు నాలుగవ మనిషి ఉండవలెను. అంచనాలు తయారగునప్పుడు, సిమెంటు బస్తాలను లెక్కించి, గదులను లెక్కించి, మొదట కొట్టివేయునది ఆ నాలుగవ మనిషి జీతమునే. దామరచర్లలోగాని, మిర్యాలగూడలోగాని, కోదాడ, సూర్యాపేటలలోగాని ఈ పనికి పూనుకొను అధికారులను, ప్రజాప్రతినిధులను నేను చేతులు జోడించి వేడునది ఒక్కటే: కట్టడపు పటము గీయించుటకు పూర్వమే ఆ నాలుగవ ఉద్యోగమును తీర్మానములో వ్రాయింపుడు, దానికి బ్రతుకుదెరువునకు చాలినంత జీతమును నిర్ణయింపుడు, కుక్కలకు దడియక, వానిని దడిపింపక మెలగ నేర్చిన మనిషిని ఊరిలో వెదకి, తొలి కుక్క లోనికి రాకమునుపే నియమింపుడు.